వరద తీసింది... భయం తీయలేదు!

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. కోనసీమ లంకల్లో పెద్దవాళ్లకు ఈ అంకెలు ఎక్కాల్లా నోటికి వచ్చేస్తాయి. మొదటి హెచ్చరికకు గేదెల్ని ఏటిగట్టు ఎక్కిస్తారు. రెండోదానికి బియ్యం మూటలు అటక ఎక్కుతాయి. మూడోదానికి మనుషులే పడవ ఎక్కుతారు. పిల్లలు, ముసలివాళ్లు, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంత బట్టల మూట... అన్నీ ఎక్కాక ఇక పడవలో చోటుండదు. రేవులో మిగిలేది కుక్క.

దానికి ఏ హెచ్చరికా లేదు. ఉన్నట్టుండి వాకిలి ఏరైపోయింది. రోజూ అన్నం పెట్టే చెయ్యి పడవెక్కి వెళ్లిపోయింది. గడ్డిమేటు మీదో, పాక చూరు మీదో నాలుగు రోజులు గడిపిన కుక్క నీళ్లు తీశాక కిందికి దిగుతుంది. తిరిగొచ్చిన మనుషులు గోడలకు పట్టిన ఒండ్రు కడుక్కుంటారు. తడిసిన ధాన్యం ఎండబోసుకుంటారు. కుక్క మాత్రం ఏ మకాం వెనకో దూరి ముడుచుకుపోతుంది. మొరగదు. తోక ఆడించదు. పిలిస్తే రాదు. ఎవరైనా చూస్తుంటే తినదు. ‘పాపం, ఎంత బుద్ధిగా పడుందో!’ అనుకుంటారు చూసినవాళ్లు.

నిజానికి అది భయంతో బిగుసుకుపోయి ఉంది. అలాంటి కుక్క మళ్లీ ఒక ఇంటి వాకిట్లో కాళ్లు చాచుకుని హాయిగా నిద్రపోవాలంటే ఏం చెయ్యాలి? ఏటా గోదారికి ఎర్రనీరు వచ్చే కోనసీమలో ఇది తప్పక అడగాల్సిన ప్రశ్న.

గట్టుకు ఆవల మరో కోనసీమ

ధవళేశ్వరం ఆనకట్ట దాటగానే గోదారి గౌతమి, వశిష్ఠ అనే రెండు పాయలవుతుంది. వశిష్ఠలోంచి వైనతేయ చీలుతుంది. ఈ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య ఇమిడిన నేలే కోనసీమ. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దిగితే అందులో కాలు పెట్టినట్టే. అరటి గెలల లారీలు, కొత్తపేట దాకా రోడ్డుకు రెండు పక్కలా గొడుగు పట్టినట్టు కొబ్బరితోటలు, అమలాపురంలో గడియార స్తంభం సెంటరు సందడి, అంబాజీపేటలో కొబ్బరికాయల రాశులు, పీచు వాసన... అలా వెళ్తూ పి.గన్నవరం చేరితే వైనతేయ మీద అక్విడెక్టు కనిపిస్తుంది. నది మీదుగా కాలువను దాటించే ఈ కట్టడం 1850ల నాటిది, కాటన్ దొర కాలంది. దాని పక్కనే 2000లో కొత్తది వచ్చింది. ఆవలి ఒడ్డుకు వెళ్తే తాటిపాక, రాజోలు, చిట్టచివర వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది.

సెలవులకు వచ్చేవాళ్లకు కనిపించేది ఇంతవరకే. దిండిలో పడవ షికారు, ఆత్రేయపురం పూతరేకులు, అప్పనపల్లి దర్శనం, తిరుగు ప్రయాణం. కానీ ఏటిగట్టుకు ఆవల, నది ఒడిలో మరో కోనసీమ ఉంది. అవే లంకలు. పి.గన్నవరం మండలంలోని బూరుగులంక, ఉడిమూడిలంక, జి.పెదపూడిలంక లాంటి ఊళ్లకు వరద రోజుల్లో ఏళ్ల తరబడి పడవే దారి అయింది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే, ముక్తేశ్వరం దగ్గర ఎదురుబిడెం కాజ్‌వే మునిగాయని పేపర్లో పడిందంటే గోదారి ఒళ్లు విరుచుకుందన్నమాట.

ఇక్కడివాళ్లు కాలాన్ని వరదలతో కొలుస్తారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి దూకింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను తోటలకు తోటల్నే నేలమట్టం చేసి, వందలాది ప్రాణాలు తీసింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. నాలుగు నెలలైనా నిండకుండానే, జులై మధ్యలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద కొత్త జిల్లాను ముంచెత్తింది.

నీళ్లు తీశాక నష్టం లెక్క రాస్తారు. గేదె పోతే, మేక పోతే, కోళ్లు పోతే ఆ జాబితాలో చేరతాయి. వీధికుక్కకు అందులో గడి లేదు. ప్రాణంతో మిగిలిన కుక్క మనసుకు ఏమైందో రాసే కాగితం అసలే లేదు.

లెనిన్‌గ్రాడ్‌లోనూ ఇదే కథ

ఆ కాగితం రాసినవాడు ఒకడున్నాడు. గంట మోగితే కుక్కకు నోరూరుతుందని బడి పుస్తకాల్లో చదువుకున్నామే, ఆ పావ్‌లోవ్!

1924 సెప్టెంబరు 23న రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌ను నీవా నది వరద ముంచేసింది. పావ్‌లోవ్ పరిశోధనశాల కుక్కలు బోనుల్లో ఉన్నాయి. నీళ్లు పెరుగుతూ కుక్కల మెడల దాకా వచ్చాయి. పనివాళ్లు వచ్చేసరికి బోను తలుపులు నీళ్లలో మునిగి ఉన్నాయి. తలలు నీటిలో ముంచి లాగితే తప్ప కుక్కలు బయటికి రాలేని పరిస్థితి. అలాగే లాగి, ఈదించుకుంటూ తీసుకెళ్లి కాపాడారు. ఒంటికి పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. అయితే కొన్ని కుక్కలు మునుపటిలా లేవు. నేర్చుకున్నవన్నీ మరిచిపోయాయి. అలవాటైన గదిలోనే కొత్తగా బెదిరిపోయాయి. పెట్టిన తిండి ముట్టుకోలేదు.

కొన్ని వారాలకు వాటిలో ఒక కుక్క కోలుకుంది. అప్పుడు గది తలుపు కిందినుంచి సన్నటి నీటిధార వచ్చేలా చేసి చూశారు. చప్పుడు లేదు, లోతు లేదు. గచ్చు మీద పాకిన తడి, అంతే. కుక్క ఒక్క ఉదుటున లేచింది. ఒళ్లంతా వణుకు. కోలుకున్నదంతా ఒక్క క్షణంలో కొట్టుకుపోయింది!

లంకల్లో వానపడగానే మంచం కింద దూరే కుక్కను చూసి నవ్వేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మనకు అది చూరు నీళ్లు. దానికి అదే గోదారి.

పావ్‌లోవ్ బృందం మరో సంగతీ గమనించింది. కుక్కను గదిలో ఒంటరిగా వదిలి, బయటినుంచి చూస్తున్నంతసేపూ అది తేరుకోలేదు. దానికి బాగా తెలిసిన మనిషి లోపలికి వెళ్లి పక్కన ఊరికే కూర్చుంటే, పోయిన అలవాట్లు మెల్లగా వెనక్కి వచ్చాయి. ఆ మనిషి ఏ వైద్యమూ చెయ్యలేదు. పక్కన ఉన్నాడు.

బుద్ధిమంతురాలని పొరపడొద్దు

భయపడిన కుక్క అంటే అరిచేది, మీదపడేది అనుకుంటాం. అది భయంలో ఒక రకం. పారిపోవడం రెండో రకం. అరిచినా ఫలితం లేక, పారిపోయే దారీ లేకపోతే మూడోది మిగులుతుంది... బిగుసుకుపోవడం. ఒళ్లు నేలకు కరుచుకుపోతుంది. తోక కాళ్ల మధ్యకు వెళ్తుంది. చెవులు వెనక్కి వాలతాయి. మొహం పక్కకు తిప్పుకుని కంటి కొసతో చూస్తుంది. అప్పుడు తెల్లగుడ్డు అంచు నెలవంకలా కనిపిస్తుంది. నిద్ర లేకుండానే ఆవులిస్తుంది. ఎదుట తిండి లేకపోయినా పెదాలు నాక్కుంటుంది. ఎండ లేకపోయినా వగరుస్తుంది. గంటల తరబడి మూత్రానికి కూడా లేవదు.

ఇలాంటప్పుడు నిమిరితే అది ఊరుకుంటుంది. ‘మచ్చికైపోయింది’ అని మురిసిపోతాం. పిల్లలు మెడ చుట్టూ చేతులు వేస్తారు. ప్రమాదం అక్కడే ఉంది. భరించినంతసేపూ భరించి, ఇక భరించలేనప్పుడు ఏ గుర్రుమన్న హెచ్చరికా లేకుండా కరుస్తుంది. ‘ఉన్నట్టుండి కరిచేసింది’ అంటాం మనం. అది మాత్రం పొద్దుటినుంచీ తన భాషలో వద్దు వద్దని చెబుతూనే ఉంది.

మరో జాగ్రత్త. మూలన ముడుచుకున్న కొత్త కుక్క ప్రతిదీ భయంతోనే అలా ఉందనుకోకూడదు. రేబిస్‌లో పిచ్చెత్తినట్టు తిరిగే రకమే కాదు, స్తబ్ధుగా పడి ఉండే రకమూ ఉంది. దవడ వేలాడుతున్నా, చొంగ కారుతున్నా, నీళ్లు మింగలేకపోతున్నా, నడక తూలుతున్నా దగ్గరికి వెళ్లకుండా పశువైద్యుడికి కబురు పెట్టాలి. గాయం, జ్వరం, పురుగులు పట్టిన పుండు ఉన్నా కుక్క ఇలాగే ముడుచుకుంటుంది. నొప్పి తగ్గకుండా భయం తగ్గదు.

మామ్మ చెప్పిన వైద్యం

రాజోలు దగ్గర ఏదో ఒక ఊళ్లో ఓ ఇల్లు అనుకుందాం. ముందు వీధి అరుగు, వెనక పెరడు, పెరట్లో కొబ్బరిచెట్ల కింద పశువుల మకాం. ఇంట్లో మామ్మ, కొడుకు, కోడలు, అయిదో తరగతి చదివే మనవడు. వరద తీశాక లంక వైపునుంచి వచ్చిన ఓ గోధుమరంగు కుక్క ఆ మకాంలో గడ్డికట్టల వెనక చేరింది. పశువుల డాక్టరు వచ్చి చూశాడు. జబ్బేమీ లేదన్నాడు. మనవడు గిన్నెలో పాలు పట్టుకుని గడ్డికట్టల మీదికి వంగబోయాడు.

“ఒరేయ్, దాని మీదకెళ్లకురా! గోదారొచ్చినప్పుడు మనమేం చేత్తాం? ఎనక్కి తోసేత్తామా? గట్టు మీద కూకుని చూత్తాం. ఇదీ అంతే. గిన్నె అక్కడెట్టి నువ్వొచ్చెయ్” అంది మామ్మ.

“మరి తాగకపోతేనో మామ్మా?”

“నువ్వెల్తే తాగుద్ది. నువ్వుంటే తాగదు.”

కుక్కల ప్రవర్తన మీద పుస్తకాలు రాసిన నిపుణులు చెప్పే మొదటి సూత్రమూ ఇదే. మొదటి మూడు నాలుగు రోజులు కుక్కకు కావలసింది ప్రేమ కన్నా ముందు నెమ్మది. భయపడినప్పుడు ఒంట్లో పొంగే కార్టిసాల్ లాంటి రసాయనాలు సద్దుమణగడానికే కొన్ని రోజులు పడుతుంది. అందాకా దానికి ఒక మూల ఇవ్వాలి. మూడు వైపులా మరుగు, ఒక వైపు తెరుపు. కింద ఎండుగడ్డో పాత గోనెసంచో. మకాంలో గడ్డికట్టల వెనక జాగా, పెరటి వసారాలో బల్లకింద, తిరగేసిన పాత పెట్టె... ఏదైనా సరే. ఆ మూలలోకి ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ‘ఇక్కడికి ఎవరూ రారు’ అన్న భరోసా దొరికాకే ‘నేను అక్కడికి వెళ్లనా?’ అన్న ఆలోచన పుడుతుంది.

తిండి రోజూ ఒకే వేళకి, ఒకే చోట, ఒకే మనిషి పెట్టాలి. రాబోయేముందు దూరంనుంచే ఒకే మాట అనాలి. ‘వత్తన్నానమ్మా’ అన్నా చాలు. ఆ మాట వినపడితే తిండి వస్తుంది, మనిషి వెళ్లిపోతాడు, ఏ కీడూ జరగదు. ఇది పదిసార్లు, ఇరవైసార్లు జరగాలి. వరద దానికి నేర్పిన పాఠం ఒక్కటే... ఎప్పుడేం జరుగుతుందో తెలియదని. దానికి విరుగుడు, జరగబోయేది ముందే తెలియడం.

పెరుగన్నమా, పులసా?

కోనసీమ ఇంట తిండికి కొదవేముంటుంది! ‘పుస్తెలమ్మయినా పులస తినాలి’ అనే నేల ఇది. అలాగని కుక్కకు పులస పెట్టనక్కర్లేదు. మెత్తటి అన్నంలో ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన చేప, మసాలా లేని కోడిమాంసం చాలు. ఉడికిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. అవి వద్దు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషంతో సమానం. నాలుగు రోజులు పస్తున్న కుక్కకు ఒకేసారి కడుపునిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టాలి.

తినడం మొదలెట్టాక రెండో మెట్టు. తిండి పెట్టిన మనిషి వెళ్లిపోకుండా పది పన్నెండడుగుల దూరంలో కూర్చోవాలి. ఎదురుగా కాదు, పక్కకు తిరిగి. కళ్లలోకి చూడకూడదు. కుక్కల లోకంలో కన్నార్పకుండా చూడటమంటే కాలుదువ్వడమే. పూలు గుచ్చుకోవచ్చు, కూర తరుక్కోవచ్చు, పేపరు చదువుకోవచ్చు. మనవడు ఎక్కాలు వల్లె వేసుకోవచ్చు, గొంతు పెంచకపోతే చాలు. లెనిన్‌గ్రాడ్‌లో ఆ మనిషి చేసింది ఇదే కదా! మధ్యమధ్యలో చిన్న గుడ్డుముక్క దాని వైపు విసరాలి. చేతిలోంచి తినమని బతిమాలకూడదు. తిండి మీద ఆశకు దగ్గరికి వచ్చిన కుక్క, తినేశాక మనిషి అంత దగ్గరగా ఉన్నాడని గ్రహించి హడలిపోతుంది. ముక్క దాని వెనక పడేలా విసిరితే మరీ మంచిది. వెనక్కి వెళ్లి తింటుంది. మళ్లీ ముందుకు రావాలో వద్దో అదే నిర్ణయించుకుంటుంది.

ఎంచుకోవడమే మందు

ఈ ‘నిర్ణయించుకోవడం’ దగ్గరే అసలు కిటుకంతా ఉంది. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. ఇవాళ చదివితే మనసు కలుక్కుమంటుంది. తప్పించుకునే వీల్లేని విద్యుత్ షాక్‌లు తిన్న కుక్కలను, చిన్న అడ్డుగోడ దూకితే తప్పించుకోగలిగే చోట ఉంచారు. చాలా కుక్కలు దూకలేదు. షాక్ తగులుతున్నా పడుకుని మూలిగాయి. ఏం చేసినా లాభం లేదని అవి ‘నేర్చుకున్నాయి’ అని అప్పట్లో తేల్చారు.

దాదాపు యాభై ఏళ్ల తరవాత, 2016లో, ఆ ఇద్దరే మెదడు మీద కొత్తగా వచ్చిన పరిశోధనలు పరిశీలించి తమ మాట తామే దిద్దుకున్నారు. ఎడతెగని కష్టంలో చతికిలపడటం ఎవరూ నేర్పనక్కర్లేదు, అది ప్రాణికి సహజంగా వచ్చేదే. నేర్చుకోవాల్సింది రెండోది... ‘నేను చేసే పనికి ఫలితం ఉంది’ అన్నది. అది ఒకసారి ఒంటబట్టిందా, మెదడు ఆ చతికిలపాటును తనే అణచివేస్తుంది.

మకాంలోని గోధుమరంగు కుక్కకు అన్వయిస్తే ఇది ఎంత తేలిక మాటో! అది తల తిప్పుకుంటే మనిషి ఆగాలి. వెనక్కి జరిగితే మనిషీ ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. ముందుకు వస్తే కదలకుండా ఉండాలి. తను వద్దంటే మనిషి వింటున్నాడని కుక్కకు తెలిసిన రోజు దాని వరద తీయడం మొదలవుతుంది. మొదటిసారి ముక్కుతో మోకాలు తాకినప్పుడు కూడా చెయ్యి చాచకూడదు. రెండోసారి, మూడోసారి అయ్యాక గడ్డం కిందో, ఛాతీ పక్కనో మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసెయ్యాలి. నెత్తి మీదికి చెయ్యి తేకూడదు. మళ్లీ కావాలనుకుంటే అదే ఒంటితో ఆనుకుంటుంది. పక్కకు జరిగితే ఇవాళ్టికి చాలన్నమాట.

లాక్కురావడమూ వరదే

దీనికి పూర్తి విరుద్ధమైన పద్ధతి ఒకటి ఊళ్లలో వాడుకలో ఉంది. ‘జనంలో తిప్పితే భయం పోద్ది’ అంటూ మెడకు తాడేసి సంతకు లాక్కెళ్లడం, నీళ్లంటే బెదిరే కుక్కను కాలవలో దింపడం. భయపడేదాన్ని ఒక్కసారిగా మీద కుమ్మరించే ఈ పద్ధతికి మనస్తత్వ శాస్త్రం పెట్టిన పేరేంటో తెలుసా? ‘ఫ్లడింగ్’. అంటే అచ్చంగా వరదే! ఒక వరదలోంచి బయటపడిన ప్రాణిని మరో వరదలో తోయడం. కుక్క అప్పుడూ ఊరుకుంటుంది. తగ్గింది భయం కాదు, బయటికి చెప్పే ఓపిక.

కోనసీమలో చప్పుళ్లకూ తక్కువ లేదు. దింపు రోజున తోటలో కొబ్బరికాయలు దబదబా పడుతుంటాయి. రేవులో ఇంజను పడవ టపటపలు. దీపావళి టపాసులు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి డప్పులు, బాణసంచా. మాఘమాసంలో అంతర్వేది తీర్థం జనసందోహం. ఇవన్నీ ఆపలేం, ఆపనూ కూడదు. ముందే తెలిసిన చప్పుళ్లు కాబట్టి ఆ పూట కుక్కను ఇంటి లోపలి గదిలో, తలుపు వేసి, దాని గోనెసంచి, ఇంటివాళ్ల పాత చీర పక్కన పెట్టి ఉంచొచ్చు. ఆ చీర వాసన సగం మనిషి తోడు. దింపు రోజున చప్పుడు దూరంగా వినిపించే చోట కూర్చోబెట్టి, కాయ పడిన ప్రతిసారీ ఒక ముక్క వేస్తే, కొన్నాళ్లకు ఆ దబ్బుమన్న శబ్దం తిండికి సంకేతమవుతుంది. పావ్‌లోవ్ గంట ఇక్కడ కొబ్బరికాయ రూపంలో మోగుతుందన్నమాట! కుక్క ముక్క తినడం మానేసిందంటే చప్పుడు మరీ దగ్గరైందని అర్థం. ఇంకాస్త దూరం జరగాలి.

భయస్థురాలైన కుక్కకు రెండు గడియల జాగ్రత్త కావాలి. పెరటి తడిక వేసి ఉండాలి, వీధిలోకి తీసుకెళ్తే మెడపట్టీతో పాటు ఛాతీ చుట్టూ కట్టే పట్టీ కూడా ఉండాలి. బెదిరి వెనక్కి గుంజితే మెడపట్టీ తలలోంచి జారిపోతుంది. తప్పించుకున్న కుక్క ఏ లంక దారి పడుతుందో చెప్పలేం. ఇంట్లో అప్పటికే నెమ్మదైన కుక్క ఉంటే అదే మంచి గురువు. అది మనిషి దగ్గర నిశ్చింతగా ఉండటం చూసి కొత్తది ధైర్యం తెచ్చుకుంటుంది. నెలలు గడిచినా వణుకు తగ్గకపోతే, తిండి మానేస్తే పశువైద్యుడు ఆందోళన తగ్గించే మందులు రాస్తాడు. మన మాత్రలు మాత్రం సొంతంగా వెయ్యకూడదు.

ముందు టీకా, తరవాత ముద్దు

జాలి ఎంత ఉన్నా ఒక విషయంలో రాజీ లేదు. రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. అదే సమయంలో, సరైన వేళకు టీకా తీసుకుంటే దాదాపు ఎవరూ చనిపోరు. మచ్చిక చేసే పని పెద్దవాళ్లే చెయ్యాలి. పిల్లలు దూరంనుంచి చూడాలి, అదీ పెద్దవాళ్లు పక్కనుంటేనే. కరిచినా, గోరు గీరుకున్నా, పుండు మీద నాకినా ముందు పంపు కిందో, మగ్గుతోనో సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు ధారగా కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. లోతైన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. ‘చూద్దాంలే’ అన్న మాటకు ఇక్కడ చోటు లేదు.

కుక్కకు మూడు నెలల వయసు దాటితే రేబిస్ టీకా, తరవాత డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టర్లు, నులిపురుగుల మందు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్... ఇవి తప్పనిసరి. వీధికుక్కలను చంపడం కాకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్న పద్ధతికి దేశంలో 2001లో నిబంధనలు వచ్చాయి. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల కుక్కల విషయంలో 2025 నవంబరులో సుప్రీంకోర్టు వేరుగా ఆదేశాలిచ్చింది. తెలుగునాట ఈ దారిలో నడిచిన సంస్థలూ ఉన్నాయి. హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్, విశాఖలో 1996లో వెలిసిన వీఎస్‌పీసీఏ ఎందరికో మూగజీవాలను చేరదీయడం నేర్పాయి.

సీతమ్మ గారి దారిలో...

ధర్మరాజు స్వర్గం గుమ్మం దాకా వెళ్లి, తన వెంట వచ్చిన కుక్కను వదిలి లోపలికి రానన్నాడని చెప్పుకునే జాతి మనది. దత్తాత్రేయుడి పాదాల దగ్గర నాలుగు కుక్కల్నీ నాలుగు వేదాలంటూ మొక్కుతాం. మందపల్లి మందేశ్వరుడికి తైలాభిషేకం చేయించి వస్తూ నల్లకుక్కకు రొట్టె వేసేవాళ్లూ ఉన్నారు. మళ్లీ మనకు కోపమొస్తే నోట్లోంచి వచ్చే మొదటి తిట్టు కూడా కుక్కే. పటంలో ఉన్నదానికి దణ్ణం, వాకిట్లో ఉన్నదానికి రాయి. ఈ రెంటి మధ్య దూరాన్ని కాస్త తగ్గించగలిగితే చాలు.

గన్నవరం కొత్త అక్విడెక్టుకు పేరిచ్చిన డొక్కా సీతమ్మ 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై వచ్చింది. ఏటి ఒడ్డున ఆ ఇల్లు దారినపోయేవాళ్లకు అన్నసత్రమైంది. వేళ కాని వేళ వచ్చినవాళ్లకూ వండి పెట్టింది. 1909లో ఆమె కన్నుమూసినా అన్నం పెట్టే చేతికి ఇప్పటికీ ఆమె పేరే చెప్పుకుంటారు. 2024లో రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరు పెట్టారు. వచ్చినవాళ్ల కులం, ఊరు అడగకుండా ఆకలినే చూసిన నేల ఇది. భయపడి వచ్చిన ప్రాణికి ఆ అన్నంతో పాటు కాస్త వ్యవధి కూడా పెట్టగలిగితే కోనసీమ మర్యాద నిండుకుంటుందా? ఇంకాస్త పెరుగుతుంది.

ఎంతకాలం పడుతుంది? కొన్ని కుక్కలు మూడు వారాల్లో తేరుకుంటాయి. కొన్నింటికి మూడు నెలలు. కొన్నింటికి ఏడాది. కొన్ని ఎప్పటికీ కొత్తవాళ్లను చూసి బల్లకింద దూరుతూనే ఉంటాయి, ఇంటివాళ్ల దగ్గర మాత్రం హాయిగా ఉంటాయి. అదీ గెలుపే. మధ్యలో ఒక వాన పడి మళ్లీ మొదటికొస్తే చిరాకు పడకూడదు. లెనిన్‌గ్రాడ్ కుక్కను వెనక్కి నెట్టింది సన్నటి నీటిధారే కదా! రెండోసారి తేరుకోవడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టకపోవచ్చు.

వచ్చే ఏడు మళ్లీ ధవళేశ్వరం నుంచి అంకెలు వస్తాయి. 11.75... 13.75... మైకులో రెవెన్యూ వాళ్ల కేక వినిపిస్తుంది. గేదెలు గట్టెక్కుతాయి, బియ్యం మూటలు అటక ఎక్కుతాయి. ఆ హడావుడిలో మామ్మ మాట ఒకటి ముందే అయిపోవాలి.

“ఒరేయ్, దాని తాడు, గోనెసంచి ముందే పడవలో ఎయ్యి. ఎనకాల చోటుండదు.”

“ఆయ్, ఎప్పుడో ఏసేసా మామ్మా. అదే ముందెక్కి కూచుంది!”